వంతులవారీ ఇంటర్నెట్

ఇలా దగ్గరికి జరగండర్రా. ఫోన్లు బోర్లా పెట్టండి. ఇది వాటి కథే, వింటే వాటికి పొగరెక్కుతుంది. ఆ చాప మీద ఇంకా చోటుంది, గుమ్మంలో నిలబడకండి. నవ్వొస్తే నవ్వుకోండి గానీ మధ్యలో లేచిపోకండి. మంగతాయారు కోడలికి ఉద్యోగం వచ్చిందో రాలేదో తెలియాలంటే చివరిదాకా కూర్చోవాల్సిందే.

గోదావరి గట్టుకి కూతవేటు దూరంలో జలసిరి కాలనీ అని ఒకటి ఉంది. ఒకటే వీధి, రెండు వైపులా ఇళ్లు. కాలువల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీర్లు తలా కాస్త స్థలం కొనుక్కుని కట్టుకున్న కాలనీ అది. జీతాలు ఆగిపోయాయి గానీ వాళ్ల ఉద్యోగాలు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మనవడు పాలగ్లాసు అడుగున కొంచెం వదిలేస్తే "డెడ్ స్టోరేజీ" అనేవారు. పెళ్లి భోజనాల్లో సాంబారు చివరి బంతికి అందకపోతే "ఎగువవాళ్లు అక్రమంగా తోడేశారు" అని చేతులు తుడుచుకుంటూ తేల్చేసేవారు.

ఇళ్లు కూడా హోదా వరసలోనే ఉండేవి. వీధి మొదట్లో చీఫ్ ఇంజనీరుగా దిగిపోయిన భుజంగరావు గారిల్లు. అక్కణ్నుంచి హోదా తగ్గుతూ తగ్గుతూ, వీధి చిట్టచివర, చెరుకు తోట గోడకి ఆనుకుని మంగతాయారు ఇల్లు. ఆవిడ భర్త సర్వారాయుడు డిప్యూటీ ఇంజనీరుగా రిటైరయ్యారు. కాలువ చివరి పొలాలకి నీళ్లు అందరికన్నా ఆఖర్న అందుతాయి కదా, అదీ అందితే. అందుకని కాలనీలో ఆ ఇంటికి "శివారు ఇల్లు" అని పేరు పడిపోయింది.

మంగతాయారుకి ఒక్కడే కొడుకు. విశాఖపట్నంలో పని, శనివారం వచ్చి సోమవారం పోతాడు. కోడలు లిఖిత పిల్ల పుట్టకముందు ఉద్యోగం చేసేది. పిల్ల బడికి పోతోంది కనుక మళ్లీ చెయ్యాలని వెతుక్కుంది. ఒక మందుల కంపెనీ వాళ్లు, ఏ ఊరి గోదాం నుంచి ఏ ఊరికి ఎంత సరుకు వెళ్లాలో ఇంట్లో కూర్చునే చూసుకునే పని ఒకటి ఉందన్నారు. కంప్యూటర్లోనే మొహం చూసి మాట్లాడతామన్నారు. ఆ ఉద్యోగం మీద కోడలికన్నా అత్తగారికే ఎక్కువ ఆశ. పెళ్లై వచ్చిన నాటినుంచి ఆవిడ ఆ ఇంట్లో ఆఫీసు కబుర్లు మగగొంతుల్లోనే వింది. ఒక్కసారైనా ఆడగొంతులో వినాలని ఆవిడ కోరిక.

అలాంటి సమయంలో కాలనీకి రెండు ఇంటర్నెట్లు వచ్చాయి.

అంతకు ముందు ఎవరి కనెక్షను వాళ్లకుండేది. గాలి వీస్తే పోయేది, వాన పడితే పోయేది, ఒక్కోసారి ఏమీ జరగకపోయినా పోయేది. మామూలు ఫోను సిగ్నలు మాటలకి తప్ప దేనికీ చాలేది కాదు. అందరూ కలిసి రెండు పెద్ద కనెక్షన్లు తీసుకున్నారు. ఒకటి స్తంభాల మీదుగా తీగలో వస్తుంది. రెండోది టవరు నుంచి గాలిలో వస్తుంది. రెండూ వచ్చి భుజంగరావు గారి కారు షెడ్డులో ఒక పెట్టెలో కలుస్తాయి. పెట్టెలోంచి ఇంటింటికీ ఒక తీగ పోతుంది. బిగించడానికి వచ్చిన మనిషి పని ముగించి చేతులు కడుక్కుంటూ చెప్పాడు.

"ఇంకేం చెయ్యక్కర్లేదండి. ఒక లైను నిండితే రెండోదాంట్లోకి అదే మళ్లిస్తది. ఒకటి పోతే రెండోదాంతో నడిపిస్తది. అన్నీ అదే చూసుకుంటది."

భుజంగరావు గారి మొహం మాడిపోయింది.

"అదే చూసుకుంటుందా?"

"ఆయ్."

"మరి మేమెందుకయ్యా?"

ఆ మనిషి సంచి సర్దుకున్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే షెడ్డులో కుర్చీలు వేశారు. రెండు ప్రవాహాలు వచ్చి ఒకచోట కలిసి ఇన్ని ఇళ్లకి పారుతుంటే మధ్యలో గేటు లేదు, గేటుకి మనిషి లేడు, మనిషి మీద అధికారి లేడు. ఇంతటి అరాచకం తమ సర్వీసులో చూడలేదని భుజంగరావు గారన్నారు. అందరూ తలలూపారు. అప్పటికప్పుడు "అంతర్జాల పంపకాల సలహా మండలి" ఏర్పడింది. అధ్యక్షులు భుజంగరావు గారు. కార్యదర్శి సర్వారాయుడు గారు. కాలనీ అందరిలోకీ సర్వీసులో ఆఖర్న చేరిన పుల్లేశ్వరరావు గారికి లస్కరు పని అప్పగించారు. కాలువ మీద గేట్లు ఎత్తీ దించీ కాపలా కాసే మనిషిని లస్కరంటారు లెండి. పుల్లేశ్వరరావు గారికి మోకాళ్ల నొప్పులు. అయినా జూనియర్ జూనియరే.

తీగలో వచ్చేదానికి ఎడమ కాలువ అని, గాలిలో వచ్చేదానికి కుడి కాలువ అని పేర్లు పెట్టారు.

"రెండూ ఒకేసారి వదిలితే గట్లు ఆగవు," అన్నారు భుజంగరావు గారు. "ఒకటి పారుతుంటే రెండోదానికి విశ్రాంతి. ఎగువ ఇళ్లకి పొద్దున, దిగువ ఇళ్లకి మధ్యాహ్నం. వంతులవారీ విధానం."

"శివారు ఇంటికో సార్?" అని తన ఇంటి గురించి తనే అడిగారు సర్వారాయుడు గారు, కార్యదర్శి హోదాలో.

"దిగువతో పాటే, మిగిలితే. అయినా మీది పల్లం కదండీ, పైవాళ్ల ఊట దిగుతుంది. మీకేం ఇబ్బంది ఉండదు."

సర్వారాయుడు గారు ఆ మాటే రాసుకుని ఇంటికొచ్చి భార్యకి చదివి వినిపించారు.

విడుదల కార్యక్రమం మంచిరోజు చూసి పెట్టారు. కాలువలకి నీళ్లు వదిలేటప్పుడు ఎలా చేస్తారో అలాగే. పాత ఇనుము కొట్లోంచి ఒక తూము చక్రం తెచ్చి షెడ్డు గోడకి బిగించారు. అది దేనికీ తగిలించి లేదు. అయినా ఆ చక్రం తిప్పకుండా తీగ ముట్టుకుంటే నిబంధనల ఉల్లంఘన. పుల్లేశ్వరరావు గారు చెమటలు కక్కుతూ చక్రం తిప్పి, తర్వాత నాలుగడుగులు వేసి పెట్టెకి ఎగువ ఇళ్ల తీగలు పెట్టారు. భుజంగరావు గారు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ చల్లి, పెట్టెకి కొత్త చీర కప్పారు. గోదారమ్మకి చీర పెట్టిన చేతులు మరి.

చీర కింద పెట్టె వేడెక్కి కాసేపటికే చల్లగా నిద్రపోయింది.

"ఎగువన వర్షాభావం," అని ప్రకటించారు అధ్యక్షులు. ఆ రోజు ఎవరికీ రాలేదు. మర్నాడు సుభద్రాయమ్మ గారు, అంటే భుజంగరావు గారి భార్య, షెడ్డులో కారు కడగడానికొచ్చిన పనమ్మాయికి ఆ చీర ఇచ్చేసింది. పెట్టె లేచింది. వర్షాలు పడ్డాయని రాసుకున్నారు.

తర్వాత మండలి వేగం పుంజుకుంది. కాలువలో గుర్రపు డెక్క పెరిగితే నీళ్లు కదలవు కదా. నెట్టులో గుర్రపు డెక్క ఏది అని వెతికారు. పొద్దున్నే గులాబీ పువ్వు మీద "శుభోదయం" అని రాసి ఒకరికొకరు పంపుకునే బొమ్మలని తేల్చారు. దాని తొలగింపుకి ప్రత్యేక దళం వేశారు. దళం వాళ్లు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ల ఫోన్లలో గులాబీలు చెరిపేశారు. సుభద్రాయమ్మ ఫోన్లో మరీ ఎక్కువ ఉన్నాయట, వేర్లతో సహా తీశారు. ఆవిడ చెల్లెలు తణుకు నుంచి ల్యాండ్ ఫోన్లో ఏడ్చింది. "అక్కా, నీకు నా మీద కోపమొచ్చిందా? పువ్వు రావడం లేదేంటే?"

ఆ తర్వాత పంటల నమోదు. ఎవరింట్లో దేనికి నెట్టు వాడతారో ముందే చెప్పాలి. ఉద్యోగం చేసే పిల్లలుంటే అది వరి. బడిపిల్లల చదువు పండ్ల తోట. కబుర్లు, సినిమాలు ఆరుతడి. వరికి పూర్తి వంతు, తోటకి సగం, ఆరుతడికి దయ ఉంటే. ఒకరింటి వంతు ఇంకొకరు వాడుకుంటే జలచౌర్యం.

లిఖితకి మందుల కంపెనీవాళ్లు మొదటిసారి మాట్లాడతామన్నది మధ్యాహ్నం పూట. దిగువ వంతే కనుక నెట్టు వచ్చింది. లిఖిత ఇస్త్రీ చీర కట్టుకుని తెర ముందు కూర్చుంది. మంగతాయారు తలుపు వెనక నిలబడి చెవి ఆనించింది. అవతలి ఆవిడ అడిగింది, మీలో గొప్ప విషయం ఏమిటి అని.

"నేను మొదలుపెట్టిన పని ఎప్పుడూ మధ్యలో..." అంది లిఖిత.

షెడ్డులో పుల్లేశ్వరరావు గారు చక్రం తిప్పి తీగ పీకేశారు. వంతు అయిపోయింది.

తెర మీద అవతలి ఆవిడ నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. లిఖిత కాసేపు ఆ నోటి వంకే చూసి, లేచి చీర కొంగుతో కళ్లొత్తుకుంది. "అత్తయ్యా, మాట మధ్యలో లేచిపోయినదాన్ని ఎవరు తీసుకుంటారు?"

కంపెనీవాళ్లు మంచివాళ్లు, ఇంకొక అవకాశం ఇస్తామన్నారు. గురువారం పొద్దున. ఈసారి పెద్దవాళ్లే కూర్చుంటారు, ఈసారి తెగితే మాత్రం వేరేవాళ్లని చూసుకుంటామన్నారు. గురువారం పొద్దున ఎగువ వంతు.

మంగతాయారు చీర మార్చుకుని షెడ్డుకి వెళ్లింది.

సలహా మండలి బారుగా కూర్చుని ఉంది. పెట్టె పక్కన చిన్న తెర, దాని మీద ఒక గీత ఎక్కుతూ దిగుతూ ఉంది. ఎంత నెట్టు పారుతోందో చెప్పే గీత అది. తెర పక్కన గోడ మీద ఎర్రరంగుతో మూడు చారలు. మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది. గీత ఏనాడూ మొదటి చారని కూడా తాకలేదు.

"ఎవరండీ?" అన్నారు భుజంగరావు గారు, నిన్న ఆవిడ చేతి పెసరట్టు తిన్న మనిషే.

"శివారు ఆయకట్టు ప్రతినిధి సార్," అన్నారు ఆవిడ మొగుడు, తల ఎత్తకుండా.

"అన్నయ్యగారూ, గురువారం పొద్దున మా కోడలికి కాసేపు నెట్టు కావాలండీ. ఉద్యోగానికి మాట్లాడతారు."

"పంట ఏమిటి?"

"పంటేమిటండీ, ఉద్యోగం."

"ఉద్యోగం ఉందా?"

"వస్తుందండీ, మాట్లాడితే."

భుజంగరావు గారు సర్వారాయుడి వైపు చూశారు. సర్వారాయుడు గారు గొంతు సవరించుకున్నారు. "ప్రస్తుతం ఆ ఇంట్లో ఉద్యోగం చేసే సభ్యులు లేరు సార్. పొద్దున పిల్ల కూడా బడిలోనే ఉంటుంది. నమోదు ప్రకారం బీడు."

"చూశారా చెల్లెమ్మా, బీడుకి నీళ్లివ్వడానికి నిబంధన లేదు. ముందు మీ కోడలికి ఉద్యోగం రానివ్వండి. వచ్చిన వెంటనే వరి కింద నమోదు చేస్తాం. వరికి నెట్టు ఆపే ప్రసక్తే లేదు."

"నెట్టు ఉంటేనే కదండీ ఉద్యోగం వచ్చేది?"

"ఉద్యోగం ఉంటేనే కదండీ నెట్టు ఇచ్చేది," అన్నారు ఆయన, ఎంతో ఓపికగా, మంచి చెడ్డా తెలియని మనిషికి చెబుతున్నట్టు. "ప్రభుత్వంలో ముప్ఫై ఏళ్లు ఇలాగే నడిపాం. ఒక్క ఫిర్యాదు రాలేదు."

"ఫిర్యాదు చేసేవాళ్లకి దారి ఉంటే కదండీ," అని మంగతాయారు గొణుక్కుని వచ్చేసింది.

మధ్యాహ్నం సర్వారాయుడు గారు భోజనానికి కూర్చున్నారు. కంచంలో వంకాయ కూర పడింది. కూర మాత్రమే పడింది.

"అన్నం?"

"అన్నం వంతు సాయంత్రం," అంది మంగతాయారు. "మధ్యాహ్నం ఎడమ చెయ్యి వంతు. అన్నం కుడి చేత్తో వడ్డిస్తాను, దానికిప్పుడు విశ్రాంతి."

"అదేంటే! షెడ్డులో నేను కార్యదర్శిని. ఇక్కడ నీ మొగుణ్ని."

"నేనూ అంతే. అక్కడ ప్రతినిధిని, ఇక్కడ లస్కర్ని. ఈ గిన్నె మూత నేనే ఎత్తాలి."

"భుజంగరావు గారికి ఎదురు చెప్పలేనే. సర్వీసంతా ఆయన కింద చేశాను."

"ఇప్పుడు ఎవరి కింద చేస్తున్నారు?"

ఆయన కంచం దగ్గరికి లాక్కున్నారు. వట్టి కూరే తిన్నారు, బాగుందని కూడా అన్నారు. పక్కగదిలో లిఖిత నవ్వాపుకోలేక పోయింది. ఆ నవ్వు వినగానే మంగతాయారుకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఇన్నేళ్లు కాలువల ఇంజనీరుతో కాపురం చేసి నేర్చుకున్నదాన్ని ఇప్పుడు వాడకపోతే ఇంకెప్పుడు?

బుధవారం మగవాళ్లంతా పడుకునే వేళ కదా అని మధ్యాహ్నం పూట సుభద్రాయమ్మ గారింటికి వెళ్లింది. ఎగువ ఇళ్ల ఆడవాళ్లు నలుగురైదుగురు అక్కడే చేరి వడియాలు ఆరబెడుతున్నారు.

"వదినగారూ, గోదారికి వరదొస్తే ఆనకట్ట మీద ఏం చేస్తారు?"

"ఏం చేస్తారు, గేట్లన్నీ ఎత్తేస్తారు. మీ అన్నయ్యగారు చెప్పి చెప్పి నాకు ఆనకట్ట మీద కలలొస్తాయి."

"ఎత్తాక?"

"ఇంక ఎవరూ ముట్టుకోరు. వరద తగ్గిందని పైనుంచి కబురు రావాలి, కింద శివారు నుంచీ కబురు రావాలి. రెండూ వస్తేగానీ దించకూడదు."

"మరి వరద వచ్చిందని ఎలా తెలుస్తుంది?"

"గీత ఎర్ర చార దాటితే..." సుభద్రాయమ్మ చేతిలోని వడియం అలాగే ఉండిపోయింది. మంగతాయారు మొహంలోకి చూసింది. "అమ్మ మంగతాయారూ!"

"నేనేమన్నానండీ?"

"ఏమీ అనలేదు లే. నా గులాబీలన్నీ పోయాయి, నా చెల్లెలు నాతో మాట్లాడటం మానేసింది. రేపు పొద్దున ఎగువ వంతు మాదే. ఎన్నింటికి రావాలి వరద?"

గురువారం లిఖిత ఇంటర్వ్యూకి కాస్త ముందుగా ఎగువ ఇళ్లలో ఆడవాళ్లంతా ఒక్కసారిగా నెట్టు తెరిచారు. ఒకరు పెళ్లి వీడియో పెట్టారు, మూడు రోజుల పెళ్లి. ఒకరు ఆవకాయ వీడియోలు వరసగా వదిలారు. ఒకావిడ మస్కట్‌లో ఉన్న ఆడపడుచుకీ, ఇంకో ఫోన్లో ముంబాయిలో ఉన్న తోడికోడలికీ ఒకేసారి మొహం చూపించింది. సుభద్రాయమ్మ ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, మనవరాలి పలక కంప్యూటరు అన్నీ తెరిచి అన్నింట్లోనూ సత్యనారాయణ వ్రతం పెట్టి, శంఖం ఊదిన చోటల్లా దణ్ణం పెడుతూ కూర్చుంది.

షెడ్డులో గీత లేచింది.

మొదట పుల్లేశ్వరరావు గారు చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "సార్... మొదటి ప్రమాద హెచ్చరిక."

భుజంగరావు గారు కుర్చీలోంచి లేచారు. మోకాళ్లు కటకటమన్నాయి గానీ ఆయనకి వినిపించలేదు. "ఇన్‌ఫ్లో ఎంత?"

"పెరుగుతోంది సార్! రెండో చార!"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. రిటైరైన నాటినుంచి ఆయన కోసం ఒక్క వరద రాలేదు. గోదారి ఉప్పొంగినా ఎవరో కుర్రాళ్లే టీవీలో చెప్పేవారు, ఆయన్ని ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు ఆయన షెడ్డుకి, ఆయన గేటు దగ్గరికి, ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. "పుల్లేశ్వరరావూ, సైరను! గేట్లన్నీ ఎత్తెయ్యి! ఎడమా కుడీ రెండూ! ఎగువా దిగువా ఏమీ చూడొద్దు!"

చేతి సైరను గింగిర్లు తిరిగింది. పుల్లేశ్వరరావు గారు చక్రం తిప్పి తిప్పి, రెండు కనెక్షన్లూ పెట్టి, వీధిలో ఉన్న ఇళ్లన్నింటి తీగలూ పెట్టెకి గుచ్చేశారు. చిట్టచివరి తీగ శివారు ఇంటిది.

అదే క్షణాన ఎగువ ఆడవాళ్లు అన్నీ కట్టేసి వడియాల దగ్గరికి వెళ్లిపోయారు.

రెండు కాలువల నెట్టూ ఎవరూ తోడకుండా నేరుగా శివారు ఇంటికి పారింది. తెర మీద ముగ్గురు పెద్దమనుషులు, అద్దంలో చూసినంత స్పష్టంగా, కూర్చున్నారు. ఒకాయన చొక్కా మీద ఇడ్లీ మరక కూడా కనపడింది లిఖితకి. మాటలు సాగుతున్నాయి.

"మీ వైపు ఏదో శబ్దం వస్తోందండీ?"

"వరద హెచ్చరిక సార్."

"అయ్యో! మీకేం ప్రమాదం లేదు కదా? మరోరోజు పెట్టుకుందామా?"

"వద్దు సార్! మాది శివారు ఇల్లు. ఇక్కడిదాకా రావడం ఇదే మొదటిసారి. వచ్చినప్పుడే మాట్లాడుకోవాలి."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. వరదలో కూర్చుని ఇంత నిబ్బరంగా మాట్లాడే మనిషి తమ గోదాముల్లో ఇంకెవరున్నారా అన్నట్టు.

ఇటు షెడ్డులో గీత ధబాలున పడిపోయింది.

"తగ్గుముఖం సార్," అన్నారు పుల్లేశ్వరరావు గారు, తీగల మీద చెయ్యేసి. "దించెయ్యనా?"

"ఆగు! పద్ధతి ప్రకారం పోదాం." భుజంగరావు గారు నెట్టు కంపెనీకి ఫోను చేశారు. "ఎగువన పరిస్థితి ఏమిటమ్మా?"

"సర్, ఒకసారి స్విచ్ ఆపి మళ్లీ వేసి చూశారా?" అంది అవతల అమ్మాయి.

"ఎగువ నుంచి స్పష్టమైన సమాచారం లేదు," అని ప్రకటించారాయన. "సర్వారాయుడూ, శివారుకెళ్లి మట్టం చూసి రండి. అక్కడ తగ్గితే దించేద్దాం. లోతట్టు జనాన్ని కూడా అప్రమత్తం చెయ్యండి."

సర్వారాయుడు గారు చేతిమైకు పట్టుకుని వీధి పొడుగునా అరుచుకుంటూ వచ్చారు. "లోతట్టు ప్రాంతాల ప్రజలు విలువైన సామాన్లతో..." తన ఇంటి గుమ్మం ఎక్కుతుండగా మంగతాయారు రెండు చేతులూ తలుపుకి అడ్డం పెట్టింది.

"అరవకండి. లోపల అమ్మాయి మాట్లాడుతోంది."

"మట్టం చూడాలే. పైన కనిపెట్టుకుని ఉన్నారు. నేను తగ్గిందని చెప్తే తీగ పీకేస్తారు, లేదని చెప్తే..." అని ఆయన ఆగిపోయారు.

తలుపు సందులోంచి కోడలు కనిపిస్తోంది. ఆమె చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. విజయవాడ గోదాములో సరుకు అయిపోయి, దారి మూసుకుపోతే, ఏలూరు మీదుగా కొంత, గుడివాడ మీదుగా కొంత పంపిస్తానని, ఒక దారి నిండితే రెండోదాంట్లోకి మళ్లిస్తానని చెబుతోంది. గొంతులో బెరుకు లేదు. పెద్దమనుషులు ముందుకి వంగి వింటున్నారు. ఆయన ఎన్నో సమావేశాల్లో కూర్చున్నారు, తను చెప్పేటప్పుడు పెద్దవాళ్లు అలా ముందుకి వంగిన జ్ఞాపకం మాత్రం లేదు.

సర్వారాయుడు గారు చేతిమైకు దించారు.

"మంగా, ఈ వరద..."

"నాకేం తెలుసండీ. ఎగువన వానలట."

ఆయన భార్య మొహంలోకి చూశారు. కాసేపు నవ్వాలో కోప్పడాలో తెలియక మీసం దువ్వుకున్నారు. తర్వాత చేతిమైకు చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే గబగబా వెనక్కి నడిచారు. షెడ్డులో ఆయన సర్వీసులో మొట్టమొదటిసారి చీఫ్ ఇంజనీరు కళ్లలోకి సూటిగా చూసి చెప్పారు.

"శివారులో ఉధృతి ఏమాత్రం తగ్గలేదు సార్. గేటు ముట్టుకుంటే ప్రమాదం."

పుల్లేశ్వరరావు గారు తీగల మీంచి చెయ్యి తీసేశారు. నిజానికి ఆయన మోకాళ్లు ఆ మాటకే ఎదురుచూస్తున్నాయి.

లిఖిత మాట మధ్యలో తెగలేదు. ముగ్గురికీ నమస్కారం పెట్టి, వాళ్లు తిరిగి నమస్కారం పెట్టేదాకా తెర వెలుగుతూనే ఉంది. మరుసటి వారంలో కబురొచ్చింది, ఉద్యోగం ఇచ్చామని. మంగతాయారు కోడల్ని గట్టిగా పట్టుకుని "పొద్దున్నే ఏం తిని కూర్చుంటావే ఆఫీసుకి?" అంది.

ఇక మిగిలింది వరద సంగతి. అది తగ్గలేదు. ఎలా తగ్గుతుంది? భుజంగరావు గారు రోజూ పొద్దున నెట్టు కంపెనీకి ఫోను చేసి ఎగువ పరిస్థితి అడుగుతారు. వాళ్లు రోజూ స్విచ్ ఆపి వెయ్యమంటారు. స్పష్టమైన సమాచారం లేదు కనుక వరద కొనసాగుతున్నట్టే లెక్క. సర్వారాయుడు గారు శివారు మట్టం చూడటానికి ఇంటికెళ్లి, కాఫీ తాగి, ఉధృతి అలాగే ఉందని చెప్పి వస్తారు. గీత మరీ కిందికి దిగి అనుమానం వచ్చేలా ఉంటే సుభద్రాయమ్మ ఒక వ్రతం పెడుతుంది. ఆవిడ గులాబీలు మళ్లీ తణుకు చేరుతున్నాయి. వరదలో గుర్రపు డెక్క కొట్టుకురావడం మామూలేనని దళం వాళ్లే సర్దిచెప్పుకున్నారు. గేట్లు అన్నీ ఎత్తే ఉన్నాయి, ఎవరింట్లోనూ నెట్టు ఆగడం లేదు. అంత ప్రశాంతమైన వరద ఆ జిల్లాలో ఎవరూ చూడలేదు.

మండలి మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. వరద సాయం కింద శివారు ఇంటికి రోజూ మధ్యాహ్నం పులిహోర పొట్లం పంపాలని తీర్మానం చేశారు. పుల్లేశ్వరరావు గారు స్వయంగా తెచ్చి ఇస్తారు. లిఖిత ఒక చెవిలో మందుల కంపెనీ మాటలు వింటూ, ఒక చేత్తో తలుపు తీసి పొట్లం అందుకుని, "వరద బాధితురాలు అందుకున్నారు" అని ఆయన గట్టిగా చదివేదాకా వినయంగా తల వంచుకుని నిలబడుతుంది. ఎంత వరద బాధితురాలైనా పులిహోరలో ఇంగువ తక్కువైతే చెబుతుంది. మర్నాడు సరిచేస్తారు.

ఇదర్రా సంగతి. దీన్ని మీతోనే ఉంచేసుకోకండి. బస్సులో పక్కవాళ్లకి చెప్పండి, పెళ్లిలో బంతి లేచేలోపు చెప్పండి, మీ పిల్లలు నెట్టు రాక విసుక్కున్నప్పుడు వాళ్లకి చెప్పండి. నాకన్నా బాగా చెప్పగలిగితే ఇంకా మంచిది, కావాలంటే ఇంకో రెండు వ్రతాలు కలుపుకోండి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎప్పుడైనా జలసిరి కాలనీ మీదుగా వెళితే, షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని తెర వంక చూసే పెద్దాయన మిమ్మల్ని ఆపి, "ఎగువన ఎలా ఉందయ్యా?" అని అడుగుతారు. అప్పుడు కాసేపు ఆగి, ఆకాశం వంక చూసి, "ఇంకా వస్తోందండీ" అని చెప్పి పోండి.